బాగా పనిచేసే సీనియర్ డెవలపర్ ఉన్నట్టుండి మౌనంగా మారితే టీమ్ లీడ్ ఏం చేయాలి?

మీరు అడిగినదాంట్లో రెండు సంగతులున్నాయి. సీనియర్ డెవలపర్ కొంతకాలంగా స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న టీమ్ మీటింగులో) "చేస్తున్నాను, అయిపోతుంది" అనడం తప్ప నోరు విప్పట్లేదు, గడువులు దాటిపోతున్నాయి. పైవాళ్ళేమో ఇంకో ఇద్దరిని ఇస్తాం తీసుకోండి అంటున్నారు. లీడ్‌గా మీరింకా కొత్త కాబట్టి రెండోదానికి వెంటనే సరే అనేయాలనిపిస్తుంది. ఆగండి.

ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు. లెక్క వేసి చూడండి: ఐదుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 10, ఏడుగురైతే 21. పైగా ఆ వచ్చిన ఇద్దరికీ కోడ్ నేర్పేదెవరు? ఇప్పటికే నలిగిపోతున్న ఆ మనిషే.

మా టీమ్‌లో ఒకతను, అందరికంటే కోడ్ బాగా తెలిసినవాడు, సరిగ్గా ఇలాగే నెమ్మదించాడు. ఇంటర్వ్యూలు ఇస్తున్నట్టున్నాడని గుసగుసలు కూడా మొదలయ్యాయి. టికెట్ల బోర్డు (ఎవరికిచ్చిన పని ఎంతవరకు వచ్చిందో చూపే పట్టిక) తెరవకుండా విడిగా కూర్చుని మాట్లాడాను. ఎప్పటికి అవుతుందని అడగలేదు, ఆ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేది. "నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశావో చెప్పు, టికెట్లో లేనివి కూడా" అన్నాను. అప్పుడు బయటపడింది: పాత పేమెంట్ మాడ్యూల్ తెలిసింది అతనొక్కడికే కాబట్టి రాత్రి అలర్ట్ వస్తే ఫోన్ అతనికే, పొద్దున జూనియర్ల డౌట్లు అతనికే, అందరి పుల్ రిక్వెస్టులూ (చూసి కలపమని పంపే కోడ్ మార్పులు) రివ్యూకి అతని దగ్గరికే. ఇవేవీ బోర్డులో కనపడవు, కనపడేదల్లా ఎర్రగా మెరిసే అతని టికెట్ ఒక్కటే. ముందే ఎందుకు చెప్పలేదంటే మొహమాటం, సీనియర్ అయ్యుండి నావల్ల కావట్లేదంటే ఏమనుకుంటారోనని.

ఆన్‌కాల్ (అలర్ట్ వస్తే ఫోన్ ఎత్తే బాధ్యత) అందరికీ వంతులు వేశాం. ఆ మాడ్యూల్‌లో వచ్చే ప్రతి బగ్‌కీ ఇంకొకరిని అతని పక్కన కూర్చోబెట్టాం, కీబోర్డు మాత్రం ఆ రెండోవాళ్ళ చేతిలోనే ఉండాలని షరతు పెట్టాం (ఈ షరతు లేకపోతే తెలిసినవాడే చకచకా సరిచేసేస్తాడు, పక్కవాడు చూస్తూ కూర్చుంటాడు). మొదట్లో వేగం ఇంకా తగ్గింది, అది తగ్గుతుందని పైవాళ్ళకు ముందే చెప్పి ఉంచాను కాబట్టి గొడవ కాలేదు. తర్వాత మెల్లగా కోలుకుంది.

మీ దగ్గర కారణం వేరే కావచ్చు. ఇంట్లో సమస్య, జీతం, లేదా లీడ్ పోస్టు తనకే వస్తుందనుకుంటే మీకు రావడం. ఈ చివరిదే అనిపిస్తే డొంకతిరుగుడు వద్దు, "నాకు ఈ పోస్టు రావడం మీకు ఇబ్బందిగా ఉందా" అని నేరుగా అడగండి. అవునంటే వాదించకండి, సమర్థించుకోకండి. డిజైన్ నిర్ణయాలు కొన్ని ఆయనకు నిజంగా వదిలేయండి, పేరుకి వదిలి వెనక నుంచి దిద్దడం మొదలుపెడితే ఒక్కరోజులో కనిపెట్టేస్తారు.

ఇంకోటి. జనం మీకు చెప్పడం మొదలుపెట్టాక కొన్నాళ్ళు చెడ్డవార్తలు ఎక్కువగా వినపడతాయి, టెన్షన్ పడకండి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను గమనిస్తే, మంచి నాయకత్వం ఉన్న చోటే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివాళ్ళు భయపడకుండా చెప్పుకునేవారన్నది ఆమె ఇచ్చిన వివరణ. "ఇది నాకు అర్థం కావట్లేదు" అని ఎవరైనా అన్నప్పుడు మీరు ముఖం చిట్లించారా లేదా అన్నది టీమంతా చూస్తుంటుంది, మీరు ప్రతి వారం పెట్టే మీటింగుల కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది వాళ్ళకి.

పైవాళ్ళతో మాత్రం మనుషులు వద్దని చెప్పకండి, తర్వాత అడిగినా ఇవ్వరు. ఈ రిలీజ్ అయ్యాక ఒకరిని ఇవ్వండి, ఇప్పటికి గడువు కాస్త జరపండి లేదా ఒక ఫీచర్ తీసేయండి అని అడగండి, ఏ ఫీచర్ తీయొచ్చో ఆ సీనియర్‌నే అడిగి తెలుసుకుని వెళ్ళండి.