బ్యాట్‌మ్యాన్ టైటిల్స్‌లో ఏమీ జరగకపోయినా చూపు ఎందుకు తిప్పుకోలేం?

1989 నాటి బ్యాట్‌మ్యాన్ చిత్రంలో టైటిల్స్ పడినంతసేపూ కెమెరా చీకటి రాతి సందుల్లో తిరగడం తప్ప ఏమీ జరగదు కదా, మరి అవి అంతగా ఎందుకు గుర్తుండిపోతాయని అడిగారు. ఒక మిత్రుడు తీసిన సూపర్‌హీరో లఘుచిత్రానికి టైటిల్స్ చేసి, మొదటి ప్రయత్నంలో పూర్తిగా విఫలమైన అనుభవంతో దీనికి జవాబు రాస్తున్నాను.

ఆ టైటిల్స్ కిటుకంతా దాచిపెట్టడంలో ఉంది. కెమెరా లోయల్లాంటి గాడుల మధ్య తేలుతూ పోతుంటే, చూస్తున్నది సమాధులో, పాడుబడిన కోటో తేల్చుకోలేం. డానీ ఎల్ఫ్‌మన్ సంగీతం అణిగిమణిగి మొదలై కవాతు లయ అందుకుంటుంది. చివరికి కెమెరా దూరం జరిగినప్పుడే, ఇంతసేపూ మనం తిరిగింది గబ్బిలం చిహ్నం లోపలేనని అర్థమవుతుంది. కెమెరా తిరిగినది నిజంగా తయారుచేసిన నమూనాలో కాబట్టి, ఆ నీడలకు బరువు ఉంటుంది.

1978 నాటి సూపర్‌మ్యాన్‌ది సరిగ్గా వ్యతిరేక మార్గం. అందులో పేర్లు అంతరిక్షంలో నీలి వెలుగు చారలు వదులుతూ మన మీదికి దూసుకొస్తాయి. ఒక్కో ఫ్రేముకూ (అంటే ఫిల్ముపై పడే ఒక్కో బొమ్మకూ) షట్టర్, అంటే కెమెరాలోకి వెలుగును రానిచ్చే తెర, తెరిచి ఉంచి కెమెరాను కదపడం వల్ల అక్షరాల వెలుగు అలా సాగుతుంది. అక్కడ దాచడానికేమీ లేదు. ఎగిరే వీరుడి కథ గనుక అక్షరాలే ఎగురుతాయి. టైటిల్స్ కదలిక వీరుడి స్వభావానికి సరిపడాలన్న విషయం నాకు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాకే తెలిసింది.

నా మొదటి ప్రయత్నంలో చిహ్నం తొలి క్షణంలోనే మెరుపుతో ప్రత్యక్షమైంది, ప్రతి పేరూ నిప్పురవ్వలతో పుట్టి నిప్పురవ్వలతోనే పోయింది. చూసినవారిలో ఒక్కరికీ ఒక్క పేరూ గుర్తులేదు. (రవ్వలు మాత్రం బాగున్నాయన్నారు.) రెండోసారి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అరచేతి పరిమాణంలో చిహ్నాన్ని పోతపోసి, చిన్నవాటిని బాగా దగ్గరగా తీయగల మాక్రో లెన్స్‌ను ఫోనుకు తగిలించి, ఒకే ఒక్క టార్చిలైటుతో చిత్రీకరించాను. ఎదురుగా వెలుగు వేస్తే గాడులన్నీ చదునుగా కనిపించాయి. టార్చిని దాదాపు నేలకు ఆనించి పక్కనుంచి వేసేసరికి వేలెడు లోతు లేని గాడి కూడా అగాధంలా మారింది. పేర్లను ఎప్పుడూ నీడ పడిన భాగంలోనే, ఏ అలంకారమూ లేని అక్షరాలతో, ఒక్కొక్కటి మూడు సెకన్లు, అంటే సెకనుకు 24 చొప్పున 72 ఫ్రేములు నిలిపాను. కెమెరా ఎడమకు పోతున్నప్పుడు పేరు కుడివైపు ఉంటే కన్ను రెండుగా చీలిపోతుంది కాబట్టి, కదలిక ఎటు ఉంటే పేరునూ అటే పెట్టాను.

అయినా ఒక పొరపాటు మిగిలింది. ఆనవాయితీ ప్రకారం దర్శకుడి పేరు అందరికంటే చివర వస్తుంది. నేను దాన్ని సరిగ్గా చిహ్నం పూర్తిగా బయటపడే క్షణంలో వేశాను. అందరూ చిహ్నాన్నే చూశారు, మా మిత్రుడి పేరు ఎవరూ చదవలేదు. మీరు చేసేటప్పుడు ఆ పేరు మాయమయ్యాకే కెమెరాను వెనక్కి జరపండి.