పుస్తకం సంగతి తర్వాత, ముందు సంచీ పట్టుకుని బజారుకి పదండి

"మా పాపకి ఐదేళ్ళు. స్కూల్లో అంతా ఇంగ్లీషే. ఇంట్లో తెలుగు చదవడం ఎలా నేర్పాలి? పుస్తకం తీస్తే పారిపోతోంది" అని అడిగారు.

పారిపోక ఏం చేస్తుందండీ? హోంవర్క్ చేయించి, అన్నం తినిపించి, ఇక మనకి ఓపిక లేదు అనుకున్నాక కదా పుస్తకం తీస్తాం! అదైనా అఆలతో మొదలుపెట్టి, ఏ పిల్లా జన్మలో వాడని ౠ దాకా వరస తప్పకుండా దిద్దించాలి. అక్షరాలన్నీ అయ్యాకే మాటలు, గుణింతాలన్నీ అయ్యాకే కథ. ఈ పద్ధతి నాకు సుతరామూ నచ్చదు. ఎవరేమన్నా సరే, పిల్లలు మాటని గుర్తుపట్టాకే అక్షరం జోలికి వెళ్తారని నా నమ్మకం.

నేను విశాఖలో ఉంటాను. కూతురూ అల్లుడూ ఉద్యోగాలకి వెళ్ళిపోతే మనవడు నా దగ్గరే. వాడికి చదవడం వచ్చింది రైతు బజార్లో. అక్కడ ఏ రోజు ధరలు ఆ రోజు పెద్ద బోర్డు మీద తెలుగులో రాసిపెడతారు కదా, దాన్ని మించిన వాచకం లేదు. వంకాయ, బెండకాయ, దొండకాయ, బీరకాయ, ఆనపకాయ... అన్నిటి చివరా 'కాయ'. వాడు మొదట పట్టుకున్నది ఆ రెండక్షరాలే. ఇక దాని ముందు ఏముందో కనిపెట్టడం వాడికి ఆట. ఒత్తులు కూడా అక్కడే దొరికాయి. ఉల్లి, అల్లం, వెల్లుల్లి చూస్తే ల కింద ల తెలిసిపోయింది. పచ్చిమిర్చి దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాడు, చ కిందా చ ఒత్తే, ర కిందా చ ఒత్తే మరి.

ఒకరోజు బెండకాయలు బేరం చేస్తుంటే అమ్మే ఆవిడ కిలో ముప్ఫై అంది. వీడు నా చీర కుచ్చిళ్ళు లాగి, "అమ్మమ్మా, అక్కడ ఇరవై నాలుగు అని ఉంది" అన్నాడు. నేను నమ్మలేదు. చెయ్యి పట్టుకుని బోర్డు దాకా లాక్కెళ్ళి, అందక ఎగిరెగిరి వేలు పెట్టి, "బెం... డ... కాయ, ఇరవై నాలుగు" అని చదివాడు. చుట్టూ నలుగురు చేరారు. ఆవిడ నవ్వేసి, "నిన్నటి రేటు నోటికొచ్చీసింది బాబూ" అని గుప్పెడు కాయలు ఎక్కువే వేసింది. ఆ రోజు నుంచీ వాడు బోర్డు మొత్తం చదివితే గానీ నన్ను లోపలికి వెళ్ళనివ్వడు. వెనకాల సంచులు పట్టుకున్నవాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీండి. ఇంట్లో సరుకుల చీటీ రాసి వాడి చేతికే ఇస్తున్నాను. మొన్న చూస్తే అందులో కాకరకాయ కొట్టేసి ఉంది. చదవడం రాకపోతే సరిగ్గా అదే ఎలా కొట్టేస్తాడు చెప్పండి?

ఈ ధైర్యం వచ్చాకే పుస్తకాలు తెచ్చాను. పిల్లలకి తెలుగు కథల పుస్తకాలు కావాలని షాపుకి వెళ్తే గోడ నిండా పోటీ పరీక్షల గైడ్లు, ఓ మూల రంగులు వేసుకునే పుస్తకాలు! పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్ట్ అని ప్లాస్టిక్ డబ్బాలు పంచుతారు గానీ, అదే డబ్బుకి చిన్న కథల పుస్తకం ఇవ్వాలని ఒక్కరికీ తట్టదు. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి అయితే ధర తక్కువ, చిరిగినా ప్రాణం ఉసూరుమనదు. చిరుగుతాయని అద్దాల బీరువాలో పెట్టేవాళ్ళు అసలు కొనకండి. డబ్బు పెట్టలేకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. ఐదేళ్ళ పిల్లకి ఒకటో స్థాయి చాలు, పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. మీరూ విశాఖలోనే ఉంటే ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, అక్కడికీ ఒకసారి తీసుకెళ్ళండి.

రాత్రి పక్కన పడుకోబెట్టుకుని, చదివే వరస కింద వేలు జరుపుతూ మీరే చదవండి. అదే కథ మళ్ళీ అడిగితే మళ్ళీ చదవండి. కంఠతా వచ్చేసి చూడకుండా అప్పజెప్పేస్తోందని కంగారు పడకండి, నోటికొచ్చిన మాటని పేజీ మీద వెతుక్కోవడం తేలిక. మధ్యలో ఆపి "ఇదేం అక్షరం?" అని మాత్రం అడగొద్దు. కథలో పులి మీద పడబోతుంటే ఎవరికి కావాలండీ అక్షరం! ఇంగ్లీషుకి దెబ్బ అవుతుందేమో అని టెన్షన్ కూడా పెట్టుకోకండి. ఇంట్లో మాట్లాడే భాషలో చదవడం పట్టుబడితే రెండోది దాని వెనకే వస్తుంది.

ఇంకొకటి, చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, చదివి చూపించు" అని పిల్లని నిలబెట్టకండి. మా ఇంట్లో ఎవరైనా అలా అడిగితే, "వాడు ఇప్పుడు చదవడు, మీరు కాఫీ తాగండి" అని చెప్పేస్తాను. మా వియ్యపురాలికి ఆ మాట మీద ఇంకా కోపం పోలేదు.