ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో చేరిన పిల్లలు ఇంకా నోరు విప్పలేదా?

కెనడాలోని ఒంటారియోకు కొత్తగా వచ్చి, పాఠాలన్నీ లేదా చాలావరకు ఫ్రెంచ్‌లోనే చెప్పే ఫ్రెంచ్ ఇమ్మర్షన్ తరగతిలో పిల్లలను చేర్చిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది అడిగే సందేహం ఇది: ఇంట్లో ఎవరికీ ఫ్రెంచ్ రాదు, ఒకటో తరగతి పిల్లవాడు బడిలో చేరి నెలలు గడిచినా ఒక్క వాక్యమైనా మాట్లాడటం లేదు, ఇంగ్లిష్ తరగతికి మార్చేద్దామా? దయచేసి తొందరపడకండి.

ఈ బోధన 1965లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రుల పట్టుదలతో మొదలైంది కనుక, ఇంట్లో ఫ్రెంచ్ వినని పిల్లలను దృష్టిలో పెట్టుకునే రూపొందింది. చలికాలంలో విరామ సమయానికి ముందు తరగతి గది చూస్తే దీని తీరు తెలుస్తుంది. టీచరు బూట్లు చూపి "లే బొత్" అని, ఉన్ని టోపీ చూపి "లా త్యూక్" అని, చేతి తొడుగులు అందిస్తూ "లే మితెన్" అని రోజూ అంటూ ఉంటే, బట్టీ పట్టించకుండానే ఆ మాటలు పిల్లల చెవిన పడి నిలిచిపోతాయి. తొలినాళ్లలో పిల్లలు ఇంగ్లిష్‌లో బదులిచ్చినా ఆమె కసరదు, అదే మాటను ఫ్రెంచ్‌లో తిరిగి చెబుతుంది. బడిలోనే మాట కోసం ఒత్తిడి చేయనప్పుడు, మీరూ "ఏదీ, ఫ్రెంచ్‌లో ఒక మాట చెప్పు" అని చుట్టాల ముందు పిల్లలను నిలబెట్టకండి.

అయితే వినికిడి ఒక్కటే చాలదు. ఇమ్మర్షన్ పిల్లలకు విని, చదివి అర్థం చేసుకునే శక్తి బాగా వచ్చినా, మాటలోనూ రాతలోనూ లింగభేదాల, క్రియారూపాల తప్పులు ఏళ్ల తరబడి మిగిలిపోతాయని గమనించిన టొరంటో పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్, విద్యార్థుల చేత మాట్లాడించడం, రాయించడం కూడా అవసరమని 1985లో వాదించారు. పై తరగతులకు వచ్చాక టీచరును కలిసినప్పుడు మార్కులకన్నా ముందు, పిల్లల చేత ఎంత మాట్లాడిస్తున్నారో, రాయిస్తున్నారో అడగండి.

ఇంట్లో మాత్రం తెలుగు మానకండి. ఒక భాషలో అలవడిన చదివే నేర్పు, విషయావగాహన మరో భాషకు ఊతమిస్తాయని ద్విభాషా విద్య పరిశోధకుడు జిమ్ కమిన్స్ చాలాకాలంగా చెబుతున్నారు. రాత్రిపూట తెలుగు కథ చదివి దాని గురించి పిల్లలతో మాట్లాడటం బడి చదువుకు అడ్డు కాదు.

ఇక ప్రవేశాల విషయానికొస్తే, టొరంటో ప్రభుత్వ పాఠశాలల బోర్డులో ఇమ్మర్షన్ సీనియర్ కిండర్‌గార్టెన్ (ఒకటో తరగతికి ముందు ఏడాది) నుంచి, బ్రాంప్టన్, మిసిసాగా ఉన్న పీల్ బోర్డులో ఒకటో తరగతి నుంచి మొదలవుతుంది. గడువు దాటితే ఆ తర్వాత చేరడం కష్టం కాబట్టి, ఇల్లు అద్దెకు తీసుకునే ముందే బోర్డు వెబ్‌సైటులో దరఖాస్తు తేదీలు చూసుకోండి.