ముక్తేశ్వరం పంతులుగారు జడ్జీయేనా?

ప్రశ్న: మా ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులుగారిని మా తాతగారు ‘జడ్జీగారు’ అనేవారు. గ్రంథాలయంలో ఆయన పటం పెడుతున్నాము. కింద ‘జడ్జి’ అని రాయించవచ్చునా?
— ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: పటం పెడుతున్నందుకు ముందుగా మీకు నమస్కారం. పంతులుగారు (1860–1941) చేసిన ఉద్యోగం డిప్యూటీ కలెక్టరు. అయినా మీ తాతగారి మాటను తోసిపుచ్చలేము. పాలననూ న్యాయవిచారణనూ ఇంకా విడదీయని ఆ రోజుల్లో డిప్యూటీ కలెక్టర్లకు మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉండేవి. సాక్షులను విచారించి శిక్ష వేయగల అధికారిని జనం జడ్జీ అనడం సహజమే.

బెజవాడలో దొరికిన, తూర్పు చాళుక్య రాజు యుద్ధమల్లుని శాసనాన్ని పరిష్కరించి ప్రకటించినవారు ఆయనే. పదో శతాబ్దం నాటి ఆ రాతిస్తంభం మీద ఉన్నవి మధ్యాక్కర అనే ఛందస్సులోని పద్యాలు: పాదానికి రెండు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్లీ అదే వరుస. నన్నయగారు భారతంలో ఎంతో ఇష్టంగా వాడిన ఈ దేశి ఛందస్సు, ఆయన రాజమహేంద్రవరంలో ఘంటం పట్టడానికి ముందే రాతికెక్కిందంటే, మన పద్యానికి ఎంత వెనుకటి చరిత్ర ఉన్నదో ఆలోచించండి. గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి ఆ అక్షరాలు కూడబలుక్కుంటున్నప్పుడు ఒళ్లు పులకరించి ఉంటుందని నా నమ్మకం.

1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించడంలో ముందు నిలిచినవారూ ఆయనే. తరువాత కాకినాడకు తరలివచ్చిన ఆ పరిషత్తు తాళపత్ర గ్రంథాలను సేకరించింది, పత్రిక నడిపింది, పిఠాపురం మహారాజా సూర్యారావుగారి పోషణతో ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ను తలపెట్టింది. పదానికి అర్థం చెప్పి ఊరుకోకుండా, ఫలానా కవి ఇలా వాడాడని పద్యపాదాన్ని సాక్ష్యంగా నిలబెట్టే ఆ నిఘంటువు పద్ధతిలో నాకు విచారణాధికారి అలవాటే కనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నేను ఏకీభవించలేను. గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం పోరాడినప్పుడు పంతులుగారు గ్రాంథికం పక్షాన గట్టిగా నిలబడ్డారు. కావ్యాలకే పెద్దపీట వేసిన ఆ నిఘంటువులో మన రేవుల్లో, పొలంగట్ల మీద వినిపించే మాటలకు తగినంత చోటు దక్కలేదు. అయినా పాత కావ్యం చదువుతూ ఒక పదం దగ్గర ఆగిపోయినప్పుడు నేను ఇప్పటికీ తీసేది ఆ సంపుటాలనే.

పటం కింద ‘డిప్యూటీ కలెక్టరు, శాసన పరిష్కర్త, ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపకులు’ అని రాయించండి. వీలైతే పక్కనే యుద్ధమల్లుని శాసనంలోని ఒక పద్యాన్ని నేటి లిపిలో పెద్ద అక్షరాలతో పెట్టించండి.