కామిక్స్ పెట్టె: ఈ నెల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సినిమాలు చూసి స్పైడర్‌మ్యాన్ మీద ఇష్టం పెరిగింది. పుస్తకాలు చదువుదామంటే వందల సంచికలున్నాయి. వాటిలో నాలుగైదు ‘ఒకటో నంబర్లు’ కనబడుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి? 1938 నాటి సూపర్‌మ్యాన్ నుంచి రావాలా?
– డిగ్రీ విద్యార్థి, ఎం.ఆర్. పల్లి, తిరుపతి

జవాబు: ముందు ఆ ఒకటో నంబరు చిక్కు విప్పుదాం. ‘అమేజింగ్ స్పైడర్‌మ్యాన్’ మొదటి సంచిక మీద 1963 మార్చి అని ఉంటుంది. ఆ వరుసను 1998లో 441వ సంచికతో ఆపి, 1999లో మళ్లీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టారు. 2014లో ఇంకో ఒకటి, 2015లో మరో ఒకటి. కొత్తవాళ్లు జంకకుండా కొంటారని ప్రచురణకర్తలు ఇలా చేస్తారు. కానీ కొత్తవాళ్లే ఎక్కువ తికమకపడతారు. ‘వాల్యూమ్ 1’ అని చూసి తెచ్చుకున్న పుస్తకంలో, యాభై ఏళ్ల కథ మనకు తెలిసిపోయినట్టు పాత్రలు మాట్లాడుకుంటుంటాయి. అందుకని అట్ట మీది అంకెను నమ్మకండి. వెనక అట్ట మీదో, లోపల మొదటి పేజీల్లోనో, ఏయే సంచికలు చేర్చారన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చూశాకే డబ్బు తీయండి.

స్పైడర్‌మ్యాన్ పుట్టింది 1962 ఆగస్టు నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో. రాసింది స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. డిట్కో 38వ సంచిక దాకా గీసి మానేశాడు, 39 నుంచి జాన్ రొమీటా వచ్చాడు. మా సలహా ఈ 38 సంచికలూ వరుసగా చదవమనే. ప్రచురణకర్తలైన మార్వెల్ వాళ్లు పాత సంచికలను కలిపి తెచ్చిన ఎపిక్ కలెక్షన్ మొదటి సంపుటిలో 15వ ఫాంటసీతో పాటు 1 నుంచి 17 వరకు ఉన్నాయి. రెండో సంపుటితో డిట్కో భాగం పూర్తవుతుంది. ఎసెన్షియల్ పేరుతో వచ్చినవి నలుపు తెలుపు. వాటిలో గీత బాగా కనబడుతుంది గానీ మొదటిసారి చదివేవాళ్లకు రంగులున్నవే మేలు. ఆమ్నిబస్ అనే లావుపాటి బైండు జోలికి ఇప్పుడే పోవద్దు. వెయ్యి పేజీల బరువు చేత్తో పట్టుకుని చదవలేం, పడుకుని అసలే చదవలేం.

1960ల కామిక్స్‌లో మాటలు ఎక్కువ. ఒక్కో సంచిక ఇరవై పేజీల పైచిలుకే అయినా, నేటి సంచికకు పట్టే సమయానికి రెండింతలు పడుతుంది. రోజుకు రెండు చాలు. ఐదారు ఒక్కపెట్టున లాగించేస్తే అన్ని కథలూ ఒకేలా అనిపిస్తాయి. అవి నెలకొకటి చొప్పున చదవడానికి రాసినవి. ప్రతిసారీ పాత సంగతి తిరిగి చెప్పడం అందుకే. 33వ సంచికకు చేరాక మాత్రం నెమ్మదించండి. నీళ్లు చేరుతున్న చోట టన్నుల బరువైన యంత్రం కింద ఇరుక్కున్న పీటర్, అంటే మన స్పైడర్‌మ్యాన్, దాన్ని ఎత్తే ఘట్టం అది. మొదటిసారి అందులోని మాటలు చదవకుండా బొమ్మల గడులు మాత్రమే చూడండి. అతను లేస్తున్నకొద్దీ గడి పెద్దదవుతూ పోయి, చివరికి పేజీ మొత్తం ఒకే బొమ్మవుతుంది. సినిమా ఇవ్వలేనిదేమిటో ఆ నాలుగైదు పేజీల్లో తెలుస్తుంది.

దాని తర్వాత మార్వెల్‌దే అయిన మరో వరుస ‘ఫెంటాస్టిక్ ఫోర్’ 48 నుంచి 50 వరకు చదివి, అప్పుడు 1938కి వెళ్లండి. జెర్రీ సీగెల్, జో షూస్టర్‌ల తొలి సూపర్‌మ్యాన్ ఎగరడు, మైలులో ఎనిమిదో వంతు దూరం గెంతుతాడు. 1939 నాటి బ్యాట్‌మ్యాన్ తుపాకీ కూడా పట్టాడు. తర్వాతి రూపాలు తెలిసినవాళ్లకే ఈ మొరటుతనంలో రుచి దొరుకుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత తమిళ కామిక్స్ ఉన్నాయి. వాటిలోని స్పైడర్ నల్ల దుస్తుల్లో, కోసు చెవులతో ఉంటాడు, దొంగల రాజునంటాడు. ఇతను స్పైడర్‌మ్యానేనా?
– నగరి, చిత్తూరు జిల్లా

జవాబు: కాదు, ఇద్దరికీ చుట్టరికమే లేదు. మీ స్పైడర్ ఇంగ్లండువాడు. 1965లో ‘లయన్’ అనే బ్రిటిష్ వారపత్రికలో టెడ్ కోవన్ రచనతో, రెగ్ బన్ బొమ్మలతో మొదలయ్యాడు. ప్రపంచంలోని దొంగలందరికీ రాజు కావాలన్నది మొదట్లో అతని పంతం. పోనుపోను మంచివైపు తిరిగాడు. అతని కథలు చాలావరకు రాసింది ఎవరనుకున్నారు? సూపర్‌మ్యాన్‌ను పుట్టించిన జెర్రీ సీగెలే. 1966 నుంచి ఆయన కలం అందులో ఉంది. అమెరికాలో ఆయనకు పని దొరకని రోజులవి. శివకాశి నుంచి 1984లో మొదలైన లయన్ కామిక్స్ వల్ల ఈ పాత్ర తమిళంలో ఇంటింటి పేరైంది. సొంతగడ్డ మీద కూడా అంత ఆదరణ మిగల్లేదు.

అదే బొత్తిలో ‘ఇరుంబుక్కై మాయావి’ ఉందేమో వెతకండి. శివకాశిదే అయిన ముత్తు కామిక్స్ 1972లో మొదలైంది ఆ ఇనుప చేతి మాయావితోనే. అసలు పేరు స్టీల్ క్లా. కరెంటు షాకు తగిలితే ఒళ్లంతా మాయమై ఉక్కు చెయ్యి ఒక్కటే కనబడుతుంది. గీసింది స్పెయిన్ చిత్రకారుడు హేసూస్ బ్లాస్కో. నీడల పని నేర్చుకోవాలంటే ఆ పేజీలు చాలు. తమిళం కూడబలుక్కుని చదవగలిగే సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది పెద్ద ఆస్తి. మరిన్ని కావాలంటే సప్తగిరి ఎక్స్‌ప్రెస్ చెన్నై సెంట్రల్‌లో దించుతుంది, పాత పుస్తకాల అంగళ్లు ఆ దగ్గర్లోనే ఉన్నాయి.

ప్రశ్న: మా నాయన దాచిన ఇంద్రజాల్ కామిక్స్ అరవై దాకా ట్రంకు పెట్టెలో దొరికినాయి. ముక్కిపోయిన వాసన, పసుపు మరకలు, తుప్పు పట్టిన పిన్నులు, సన్నటి వెండి రంగు పురుగులు. ఎండలో పెట్టి లామినేషన్ చేయిద్దామనుకుంటున్నా.
– గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: దయచేసి ఆ రెండూ చేయకండి. ఫాంటమ్ కథలు తెచ్చిన ఇంద్రజాల్ వరుస 1964 మార్చి నుంచి 1990 వరకు వచ్చింది. మళ్లీ అచ్చయ్యేవి కావు గనుక మీ చేతిలో ఉన్నవి చెడితే చెడినట్టే. అవి చవక కాగితం మీద అచ్చయ్యాయి. ఆ కలప గుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం గాలికీ వెలుతురుకీ ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపు చేస్తుంది, పెళుసు చేస్తుంది. ఎండలో పెడితే ఏళ్ల మీద జరగాల్సిన చెరుపు రోజుల్లో జరుగుతుంది. లామినేషన్ వేడీ, జిగురూ కాగితంలోకి దిగిపోతాయి, ఇక విడదీయడం ఎవరివల్లా కాదు.

పొడి వాతావరణం ఉన్న రోజు చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో ఈశాన్య వానలు, ఆ నెలల్లో పెట్టె తెరవకపోవడమే మంచిది. నీడపట్టున, పుస్తకాలను విసనకర్రలా కొద్దిగా విప్పి నిలబెట్టి, దూరంగా ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. రెండు మూడు గంటలు చాలు. బూజు ఉంటే అది పూర్తిగా ఆరాకే ముట్టుకోవాలి, తడిగా ఉన్నప్పుడు తుడిస్తే లోపలికి పూసినట్టవుతుంది. మూతికి మాస్కు కట్టుకుని, ఇంటి బయట, మెత్తటి అంగుళం బ్రష్షుతో వెన్ను నుంచి అంచువైపు దులపండి.

ఆ పురుగులు సిల్వర్‌ఫిష్. జిగురూ, గంజీ వాటి తిండి. కలరా ఉండలు వేస్తే ఆ వాసన కాగితానికీ చదివే మనిషికీ పడుతుంది, గుడ్లు మాత్రం చావవు. నాలుగైదు పుస్తకాలు చొప్పున జిప్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి గట్టిగా మూసి, ఫ్రీజరులో సున్నాకు 18 డిగ్రీల కింద పది రోజులు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకూడదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. చల్లటి కాగితానికి గది గాలి తగిలితే చెమట పట్టి పేజీలు అతుక్కుంటాయి.

పిన్నును బయటినుంచి లాగితే అట్ట చిరుగుతుంది. మధ్య పేజీ తెరిచి, వంచిన కాళ్లను పల్చటి కత్తి వీపుతో నిటారుగా లేపి, అప్పుడు వెన్నువైపు నుంచి తీయాలి. కొత్త బెజ్జాలు వద్దు, పాత రంధ్రాల్లోంచే తెల్ల నూలుదారం పోనిచ్చి ముడేస్తే సరిపోతుంది. చిరుగులకు పారదర్శక టేపు అస్సలు వేయొద్దు. ఐదారేళ్లకు దాని జిగురు గోధుమ రంగు మరకై మిగులుతుంది. చిరిగినదాన్ని చిరిగినట్టే కవరులో పెట్టండి.

కవరు పాలీప్రొపిలీన్‌ది కావాలి. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవర్లు కొన్నాళ్లకు జిడ్డు కక్కి అట్ట మీది రంగును పీల్చుకుంటాయి. పుస్తకం కొలత తీసుకుని అటూ ఇటూ పావు అంగుళం ఎక్కువుండే సైజు తీసుకోండి. వెనక ఆమ్లరహిత అట్ట పెట్టాలి. నోటుపుస్తకాల బూడిదరంగు అట్టలో ఆమ్లమే ఎక్కువ. బీరువాలో అడుగు అర వదిలేసి, గోడకు రెండంగుళాలు ఎడం ఉంచి, పుస్తకాలను నిలువుగా పేర్చండి. ఒక్కో అరకు 50 గ్రాముల సిలికా జెల్ వేసి, దాని రంగు మారగానే ఆరబెట్టి మళ్లీ పెట్టండి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు స్వాగతమే. మూడొందల నాలుగొందలకు దొరికే తేమ మీటరు ఒకటి బీరువాలో ఉంచితే మంచిది.

ఇంత చేశాక వాటిని చదవండి. పేజీని పూర్తిగా విప్పి అదమకుండా సగానికి తెరిచి, కింద దిండు పెట్టుకుంటే వెన్ను విరగదు.

ప్రశ్న: పాత ఇంద్రజాల్‌లో ఫాంటమ్ నీలంగా, తర్వాతివాటిలో ఊదాగా ఉన్నాడు. ఏది సరైన రంగు?
– తిరుచానూరు

జవాబు: రచయిత లీ ఫాక్ ఫాంటమ్‌ను 1936 ఫిబ్రవరి 17న దినపత్రికలో మొదలుపెట్టాడు. అది నలుపు తెలుపు, కాబట్టి రంగు ఎంచాల్సిన అవసరమే రాలేదు. ఆయన మనసులో ఉన్నది బూడిదరంగు. 1939లో ఆదివారం రంగుల పేజీ వచ్చినప్పుడు ఊదా పడింది, అదే నిలబడింది. ఈలోగా ఏ దేశం వాళ్లు ఆ దేశపు రంగు వేసుకున్నారు. స్వీడన్‌లో నీలం, ఇటలీలో ఎరుపు. కథ జరిగే దేశం పేరు కూడా అంతే. అసలు కథలోని బెంగాల్లా ఇంద్రజాల్‌లో డెంకాలి అయింది. హల్క్ కూడా 1962లో మొదటి సంచికలో బూడిదరంగే. అచ్చులో ఆ రంగు పేజీకో తీరుగా పడడంతో రెండో సంచికకే ఆకుపచ్చ చేశారు.

ఒక్క జాగ్రత్త. ఊదా రంగు నీలం మీద మెజెంటా అచ్చువేస్తే వస్తుంది. వెలుతురుకు మెజెంటా ముందు వెలిసిపోతుంది. అట్ట మీద నీలం, లోపలి పేజీలో ఊదా కనబడితే అది అచ్చు రకం కాదు, ఎండ దెబ్బ.

ప్రశ్న: మా వాడు ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. కామిక్స్ అంటే ప్రాణం గానీ తెలుగు పుస్తకం ముట్టడు. ఏదైనా దారి ఉందా?
– ఒక తల్లి, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, కామిక్స్ మాన్పించకండి, వాటిలోకే తెలుగు తెప్పించండి. వాడికి నచ్చిన పేజీ ఒకటి ఎ4 నుంచి ఎ3కి, అంటే 141 శాతానికి, జిరాక్సు తీయించండి. మాటల బెలూన్ల మీద తెల్లకాగితం ముక్కలు అంటించి, లోపలి మాటలు వాణ్నే తెలుగులో రాయమనండి.

మొదటి పేజీ పాడవుతుంది, అది ముందే చెప్పి ఉంచండి. ఇంగ్లీషు కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు, పైనా కిందా ఏమీ ఉండవు, వరుసలు దగ్గరగా పడతాయి. మనకు పైన గుడి, కింద వత్తు. ‘స్త్రీ’ రాసి చూడండి, ఎంత చోటు తింటుందో. అక్షరం అరసెంటీమీటరు ఎత్తుంటే వరుసల మధ్య ఇంచుమించు అంతే ఖాళీ వదలాలి. అంటే నాలుగు వరుసల ఇంగ్లీషు బెలూన్‌లో తెలుగు రెండున్నర వరుసలే పడుతుంది. అందుకని మాటకు మాట రాస్తే కుదరదు. ‘నేను నిన్ను ఎప్పటికీ క్షమించలేను’ అన్న చోట ‘నిన్ను వదలను’ చాలు. వాడికి తెలుగు వాక్యం పట్టుబడేది ఈ కుదింపులోనే. పైన చిన్న వరుస, మధ్యలో పెద్దది, కింద మళ్లీ చిన్నది వచ్చేలా పేర్చాలి. మాటను మధ్యలో విరవకూడదు. అక్షరాలు రాశాకే చుట్టూ గీత గీయాలి, ముందే గీస్తే చివరి మాటలు ఇరుక్కుంటాయి.

చప్పుళ్లు వాడికే వదిలేయండి. ‘దబ్’, ‘ఫెళ్’, ‘భళ్లున’, ‘టపటప’, ‘ధన్’... ఈ సంపద తెలుగులో ఉన్నంత ఏ సూపర్‌హీరో పుస్తకంలోనూ లేదు. చదవడానికైతే అమర్ చిత్ర కథ తెలుగు సంచికలతో మొదలుపెట్టండి. వారానికి ఒకటి, అదీ మీరు పక్కన కూర్చుని, చెరో పాత్ర మాటలు పైకి చదువుతూ.

ప్రశ్న: సూపర్‌మ్యాన్ మొదటి పుస్తకం, 1938 నాటి అసలుది ఉందని ఒకతను చెబుతున్నాడు. లోపల అన్నీ పాత ప్రకటనలే. నమ్మొచ్చా?
– పలమనేరు

జవాబు: స్కేలు తీసుకెళ్లండి. 1938 జూన్ నాటి ‘యాక్షన్ కామిక్స్’ 1 వెడల్పు ఏడు ముప్పావు అంగుళాలు, ఎత్తు పదిన్నర. 1974లో ప్రకటనలతో సహా యథాతథంగా మళ్లీ అచ్చువేశారు, కానీ అది పది అంగుళాల వెడల్పు, పదమూడున్నర ఎత్తు. పునర్ముద్రణ అని తెలిపే పైఅట్ట ఒకటి దానికి ఉండేది. ఆ అట్ట చించేసి అసలుదని అమ్మే మోసం చాలాకాలంగా ఉంది. కొలత పెద్దదైతే మాట్లాడకుండా వచ్చేయండి. చదవాలనే కోరికైతే ఆ పునర్ముద్రణే సరైన ధరకు ఇస్తాడేమో అడగండి. బొమ్మలు పెద్దవిగా కనబడతాయి, నాటి ప్రకటనలూ అలాగే ఉంటాయి.