రైలు డిస్‌ప్లే బోర్డుల టెస్టింగ్‌లో అమ్మాయికి భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. రైలు పెట్టెల్లో తర్వాతి స్టేషన్ పేరు చూపించే డిస్‌ప్లే బోర్డులు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. పని ఈఎంసీ సర్టిఫికేషన్ అట. కాగితాల పనేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. తోటి పిల్లలంతా కోడింగ్ కోర్సుల్లో చేరుతున్నారు. పంపమంటారా?

జవాబు: సర్టిఫికేషన్ అనగానే ఫైళ్లూ స్టాంపులే గుర్తొస్తాయి కాబట్టి మీ టెన్షన్ సహజమేనండీ. కానీ కాలేజీలో చదివిన ఎలక్ట్రానిక్స్ చేతికి తగిలే పనుల్లో ఇదొకటి.

రైలు పైన తీగలో 25 వేల వోల్టులుంటాయి. ఆ తీగను తాకి కరెంటు తీసుకునే పాంటోగ్రాఫ్ అనే చట్రం క్షణంపాటు వదిలినా నిప్పురవ్వలు లేస్తాయి. ఇంజిన్‌లో కరెంటు రూపం మార్చే కన్వర్టర్లు ఆగకుండా స్విచ్ అవుతుంటాయి. ఇంత విద్యుత్ గోల మధ్య కూడా బోర్డు ఆరిపోకూడదు, పిచ్చి అక్షరాలు చూపకూడదు. బోర్డు వెదజల్లే రేడియో అలలు పక్కనున్న వైర్‌లెస్ సెట్లను చెడగొట్టకూడదు. ఈ రెండు సంగతులూ కొలిచి నిరూపించడమే ఈఎంసీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ) పరీక్ష. రైలు పెట్టెల్లోని ఎలక్ట్రానిక్స్‌కు ఈఎన్ 50155 అనే ప్రమాణం ఉంది, వాటి ఈఎంసీ పరిమితులు ఈఎన్ 50121-3-2లో ఉంటాయి. మన రైల్వేకు స్పెసిఫికేషన్లు రాసేది లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ.

అసలు చదువు బోర్డు ఫెయిలైన రోజున మొదలవుతుంది. నా దగ్గర సలహా తీసుకున్న ఒక కుర్రాడు చెప్పిన సంగతి ఇది. గోడల నిండా నురగ శంకువులున్న గదిలో బోర్డు పెట్టి, దూరంగా యాంటెన్నాతో కొలిస్తే గ్రాఫ్‌లో ఒక గీత పరిమితి దాటి పైకి లేచింది. సర్క్యూట్ మొత్తం మార్చాలేమోనని అందరూ దిగులుపడ్డారు. చివరికి చూస్తే ఎర్త్ స్క్రూ కింద పెయింటు! లోహానికి లోహం తగలట్లేదు. గరుకు కాగితంతో పెయింటు గీకి, కేబుల్‌కు అనవసర రేడియో అలలను అణచే ఫెరైట్ ముక్క తగిలిస్తే గీత దిగిపోయింది. ఆ రోజు నేర్చుకున్న గ్రౌండింగ్ పాఠాన్ని అతను ఇప్పటికీ చెబుతుంటాడు.

విశాఖ ఈ చదువుకు మంచి చోటు కూడా. గంభీరంలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్ వారి విద్యుదయస్కాంత ప్రభావాల కేంద్రం ఉంది. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలకు ఇలాంటి పరీక్షలే చేస్తారు. నేవీ పరికరాలకూ ఈఎంసీ తప్పదు, అక్కడ ప్రమాణాలు వేరు.

ఒక మాట దాచను. ఉద్యోగాల సంఖ్యలో ఇది సాఫ్ట్‌వేర్‌కు సాటిరాదు. మొదట్లో జీతం తక్కువ కావచ్చు, హైదరాబాద్, బెంగళూరు, చెన్నై వెళ్లాల్సి రావచ్చు. కానీ బోర్డు ఎందుకు ఫెయిలైందో పట్టుకుని సరిచేసే మనిషిని ఏ హార్డ్‌వేర్ కంపెనీ వదులుకోదు. కోడింగ్ కూడా వృథా కాదు, టెస్ట్ పరికరాలను పైథాన్‌తో నడిపేవాళ్లకు ఇక్కడ గిరాకీ ఉంది.

అమ్మాయిని పంపేముందు కంపెనీకి ఫోన్ చేసి రెండు అడగమనండి. పరీక్ష జరిగే రోజు ల్యాబ్‌కు తనను తీసుకెళ్తారా? ఫెయిలైతే బోర్డు విప్పి సరిచేసేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా? రెండింటికీ అవునంటే వెంటనే పంపండి. రిపోర్టులు టైపు చేయడమే పని అంటే, ఆ రెండు నెలలూ వేరే చోట వెతుక్కోమనండి.