మోకాలి గుజ్జు అరిగిన అమ్మను కాలినడకన కొండ ఎక్కించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మగారికి 59 ఏళ్లు, రెండు మోకాళ్లూ నొప్పి, ఎక్స్‌రే చూసి గుజ్జు అరిగిందన్నారు. అయినా వచ్చే నెల అలిపిరి నుంచి తిరుమల కొండకు మెట్ల పూజ చేసుకుంటూ ఎక్కుతానని పట్టుబట్టారు. నొప్పి మాత్ర వేసి ఎక్కించవచ్చా అని అడిగారు.

నేను డాక్టర్‌ని కాదు. తిరుపతిలో ఉంటాను. సరిగ్గా ఇదే పరిస్థితిలో మా అమ్మను ఒకసారి తప్పుగా, ఇంకోసారి సరిగ్గా ఎక్కించాను. అందుకే ముందే చెప్పేస్తున్నాను, వచ్చే నెల వద్దు. మూడు నెలలు ఆగండి. అప్పుడు కూడా ఎక్కడం వరకే నడక, దిగడం బస్సులోనే.

2018లో మా అమ్మకు 61. "సామికి మొక్కినాను రా, ఆయనే ఎక్కిస్తాడు, నువ్వు గమ్మునుండు" అంది. తెల్లవారుజామున ఒక నొప్పి మాత్ర వేసుకుని బయల్దేరింది. తలయేరు గుండు దగ్గర అందరిలాగే మోకాళ్లు ఆనించి మొక్కింది. అలా చేస్తే ఎక్కేటప్పుడు నొప్పులు రావని నమ్మకం. ఎన్ని తరాల మోకాళ్లు ఆనాయో, ఆ రాతిలో గుంటలు పడి ఉంటాయి. మెట్టుమెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతూ గాలిగోపురం దాకా బాగానే ఎక్కింది. అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు, అందులో సగానికి పైగా గాలిగోపురం లోపే అయిపోతాయి. ఆ తర్వాత దారి కాస్త తేలిక. మోకాళ్ల పర్వతం దగ్గర మళ్లీ నిటారుగా ఉంటుంది. రామానుజులవారు ఆ కొండను కాలితో తొక్కకూడదని మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. అమ్మ కూడా పది మెట్లు మోకాళ్లతో ఎక్కింది, నేను ఆపలేకపోయాను.

దర్శనం బాగా జరిగింది. ఆ సంతోషంలో దిగడం కూడా నడిచే అంది. మాత్ర ప్రభావానికి నొప్పి తెలియడం లేదు. తెలియకపోవడమే మా కొంప ముంచింది. మర్నాడు పొద్దున చూస్తే ఎడమ మోకాలి చిప్ప పక్కన ఉండే గుంటలు పూడిపోయి ఉన్నాయి. ఒక పక్క వేలితో నొక్కితే రెండో పక్క ఉబ్బుతోంది, లోపల నీరు చేరింది.

దిగడం సులువని అందరం అనుకుంటాం. ఊపిరికి సులువే, మోకాలికి కాదు. చదును నేల మీద నడిచేటప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు రెట్లకు పైగా భారం పడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు అది మూడు రెట్లు దాటుతుంది, దిగేటప్పుడు ఇంకాస్త ఎక్కువ. పైగా దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. కొండ దిగినవాళ్లకు రెండు మూడు రోజులు తొడలు, పిక్కలు పట్టేసేది ఇందుకే. ఆ పట్టేయడం దానంతట అదే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. కీలు వాచడం మాత్రం వేరే సంగతి.

ఆ వాపుకు డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా మేం ఇంకో తప్పు చేశాం. చీటీ లేకుండానే ఒక మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని, రోజూ రెండేసి చొప్పున రెండు నెలలు వాడింది అమ్మ. ఒక్కోసారి పరగడుపునే. ఒకరోజు విరేచనం తారులా నల్లగా అయింది. కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అమ్మకు బీపీ కూడా ఉంది. ఈ రకం మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి అని అక్కడే తెలిసింది. మీ అమ్మగారికి బీపీ, షుగర్, గ్యాస్ బాధ ఏది ఉన్నా డాక్టర్‌ని అడగకుండా ఒక్క మాత్ర కూడా వద్దు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించారా లేదా కూడా చూసుకోండి.

ఆ తర్వాతే ఫిజియోథెరపీకి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి టేపు తీసి రెండు తొడలూ కొలిచింది. ఎడమది రెండు సెంటీమీటర్లు సన్నగా ఉంది. పడుకోబెట్టి కాలు చాచి జానెడు ఎత్తమంటే తొడ గజగజ వణికింది. "నొప్పి మోకాల్లో ఉన్నా పని తొడలో ఉంది పెద్దమ్మా" అంది. నొప్పని కాలు వాడం, వాడకపోతే తొడ కండరం చిక్కిపోతుంది, అప్పుడు భారమంతా కీలు మీదే పడి నొప్పి ఇంకా పెరుగుతుంది. అరిగిన గుజ్జు తిరిగి రాదు కానీ కండరం ఏ వయసులోనైనా వస్తుంది. గుజ్జు పెంచుతాయని అమ్మే మాత్రలకు, పొడులకు పెట్టే డబ్బు నా ఉద్దేశంలో దండగ.

అమ్మ చేసినవి మూడే. కాళ్లు చాచి కూర్చుని మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టి, దాన్ని కిందకి నొక్కి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. పడుకుని ఒక కాలు మడిచి, రెండోది మోకాలు వంచకుండా జానెడు ఎత్తి పట్టుకోవడం. మూడోది, చేతులు ఊతం పెట్టకుండా కుర్చీలోంచి లేచి మెల్లగా కూర్చోవడం. మొదట ఒక్కోటి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. మొదటి రెండు వారాలు ఏమీ తేడా లేదని విసుక్కుంది. ఆరో వారానికి బస్సు మెట్టు ఎక్కేటప్పుడు నా చెయ్యి అడగలేదు. ఫలితం కనబడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది, మిమ్మల్ని మూడు నెలలు ఆగమనేది అందుకే.

బరువు కూడా ముఖ్యమే. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. అమ్మ రాత్రి అన్నం తగ్గించి 74 నుంచి 69కి వచ్చింది. కింద కూర్చోవడం మానేసింది, పూజ కూడా కుర్చీలోనే. చేతికర్ర విషయంలో చాలామంది పొరబడతారు: నొప్పి ఎడమ మోకాల్లో అయితే కర్ర కుడి చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

మరుసటి ఏడాది మళ్లీ ఎక్కింది. ఈసారి పసుపు నేను పెట్టాను, కుంకుమ నా కూతురు పెట్టింది, అమ్మ ప్రతి మెట్టుకూ నమస్కారం చేసుకుంటూ పక్కన ఎక్కింది. వంగే పని లేదు. సామాను అలిపిరిలోనే అప్పజెప్పేశాం, అది పైకి వచ్చేస్తుంది. ఇరవై ముప్పై మెట్లకోసారి ఆగాం, మోకాళ్ల పర్వతం కాళ్లతోనే ఎక్కింది. దర్శనం కాగానే బస్సు. మర్నాడు పొద్దున నేను ముందు చూసింది ఆ చిప్ప పక్కన గుంటలే. రెండూ కనబడ్డాయి.

ఈలోగా అమ్మగారిని ఎముకల డాక్టర్‌కి ఒకసారి చూపించండి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఈ జబ్బులకే ఉంది. ఎక్స్‌రే పడుకోబెట్టి తీసి ఉంటే, నిలబెట్టి తీయమని అడగండి, కీలు సందు ఎంత తగ్గిందో అప్పుడే సరిగ్గా తెలుస్తుంది. పొద్దున లేవగానే కీళ్లు గంటకు పైగా బిగుసుకుపోతూ, చేతివేళ్ల కణుపులు కూడా వాస్తుంటే అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్లవాతం ఉందేమో చూడాలి. దాని మందులు వేరు. మోకాలు ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా, మడిచిన కాలు చాచలేక ఇరుక్కుపోయినా, నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి జారిపోతున్నా కొండ మాటే ఎత్తొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తేదీ మార్చడానికి అమ్మగారు ససేమిరా అంటే, వచ్చే నెల పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి, మొదటి కొన్ని మెట్లకు మీరు పసుపు కుంకుమ పెట్టి, బస్సులో పైకి తీసుకెళ్లండి. నడక మొక్కు తర్వాత తీరుస్తానని అక్కడే స్వామికి చెప్పుకోమనండి. అప్పటికీ వినకపోతే నాకు మెసేజ్ పెట్టండి, మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడిస్తాను. కొడుకులు చెబితే వినని మాట ఆ వయసువాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటే వింటారు.